ఎడారిలో కట్టిన లోయ

జీపు దిగిన మారిట్ సోల్బర్గ్ అడుగు ముందుకు పడక నిలబడిపోయిన చోట పోయిన వారం ఆమెను వదిలి వచ్చాం. యుద్ధం జరిగే చోటికి సైన్యం వెంట మానవ శాస్త్రవేత్తలు వెళ్ళకూడదని దేశమంతా తిరిగి చెబుతున్న ప్రొఫెసర్ ఆమె. ఆమె రాసిన నిరసన లేఖ కింద అమెరికాలో పేరున్న ఆచార్యులందరూ సంతకాలు పెట్టారు. మానవ శాస్త్రవేత్తల శీతాకాలం సభల్లో దాని మీద ఓటింగు జరగబోతోంది. సరిగ్గా అప్పుడే కర్నల్ ప్రూయిట్ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. "తిట్టండి, కాదనను. ఒకసారి చూసి తిట్టండి" అన్నాడాయన. స్నేహితులు వద్దంటే వద్దన్నారు. మారిట్ వినకుండా విమానమెక్కి కాలిఫోర్నియా ఎడారిలోని ఈ శిక్షణ శిబిరానికి వచ్చింది. అఫ్ఘానిస్తాన్ వెళ్ళబోయే పటాలాలు ముందు ఇక్కడ కట్టిన ఉత్తుత్తి ఊళ్ళో ఆరితేరి, ఆ తరువాత అసలు ఊళ్ళకు బయలుదేరతాయి.

ఆ ఉత్తుత్తి ఊరిని చూసే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

ఓడల్లో సరుకు మోసే పెద్ద పెద్ద ఇనప డబ్బాలకు మట్టిరంగు పూసి, ప్లైవుడ్ గోడలు బిగించి ఇళ్ళు చేశారు. మసీదు మీద గుమ్మటం ఫైబరుది. అద్దెకు తెచ్చిన మేకలు ఎండకు తాళలేక గోడల నీడన చేరాయి. ఇదంతా నాటకాల కంపెనీ సరంజామాలా ఉందని నవ్వుకుని ముందుకు సాగిపోవచ్చు. కానీ ఊరు రెండు వాడలుగా చీలి ఉంది. పైవాడ, కిందివాడ. రెంటి మధ్య కాలువ. నీళ్ళు లేవు, నీలం ప్లాస్టిక్ పట్టా పరిచారు. కాలువ మొదట్లో తూము, తూము మీద పలక రాయి. అతిథుల సావిడి తలుపు మసీదు వైపు కాక కొండ వైపు తెరుచుకుంటోంది. రెండు వాడలకూ దూరంగా, ఎవరికీ చెందనట్టు, పల్లంలో పిండిమర.

ఇలాంటి ఊరు ఎక్కడో చూశానే అనుకోవలసిన అవసరం మారిట్‌కు కలగలేదు. ఆ పలక రాయి మీద కూర్చుని ఆమె బట్టలుతుక్కుంది. ముప్పయ్యేళ్ళ కిందట, చదువు పూర్తి కాని రోజుల్లో, ఒబాజాయ్ లోయలో ఆ మరవాళ్ళ ఇంట్లోనే ఉంది. ఆ లోయకు గోరక్ అని మారుపేరు పెట్టి పుస్తకం రాసింది. ఆ పుస్తకమే ఆమెకు ఉద్యోగమిచ్చింది, పేరిచ్చింది. ఇప్పుడది ప్లైవుడ్‌తో ఎడారిలో మొలిచి ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉంది ప్రొఫెసర్ గారూ?" అన్నాడు కర్నల్. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంటాడు. గొంతు మాత్రం మెత్తన.

"ఎవరు గీశారు ఈ ఊరిని?"

"మీకు తెలిసినవాళ్ళే. ముందు ఊళ్ళోవాళ్ళను కలవండి. టీ కాచి మీకోసమే కూచున్నారు."

టీ మాత్రం అసలైనదే. ఏలకుల వాసన గుమ్మంలోకే వచ్చింది. కాచినావిడ పేరు జర్ఘూనా. అఫ్ఘానిస్తాన్ నుంచి వలస వచ్చి, ఫ్రీమాంట్ పట్నంలో స్కూలు బస్సు నడుపుతుంది. బళ్ళకు సెలవులిచ్చినప్పుడల్లా ఇక్కడికొచ్చి పల్లెటూరి విధవ వేషం కడుతుంది. ఆమె పక్కన తలపాగా సర్దుకుంటున్న పెద్దమనిషి హాజీ నజీఫ్. శాక్రమెంటోలో పాత టైర్ల కొట్టు ఉంది. ఇక్కడ కిందివాడకు పెద్ద.

మారిట్ వాళ్ళ పష్తో భాషలో పలకరించేసరికి జర్ఘూనా చేతిలో కెటిల్ ఒలకబోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ మాట? మా అమ్మమ్మ మాట్లాడినట్టుంది. ఇప్పుడెవరంటారు ఇలాగ?"

"మీ అమ్మమ్మలాంటి వాళ్ళ దగ్గరే నేర్చుకున్నా" అంది మారిట్. "నువ్విక్కడ విధవ్వట గదా."

"ఇక్కడే. ఫ్రీమాంట్‌లో నా మొగుడు నిక్షేపంలా ఉన్నాడు. టీవీ ముందు కూచుని బాదంపప్పులు నములుతుంటాడు. ఏడాదికి నాలుగుసార్లు ఇక్కడికొచ్చి నేనతన్ని చంపుకుంటా. తిరిగెళ్ళాక కాస్త మర్యాదగా చూసుకుంటాడు."

"ఇది మొగుణ్ణి వదిలేది ఒక్క సైరన్ మోగినప్పుడే, డాక్టర్ సాహిబా" అన్నాడు నజీఫ్. "అప్పుడు నా మీద పడుతుంది."

"పడనా మరి? నా నీళ్ళు కాజేద్దామని చూసేది నువ్వే గదా." జర్ఘూనా గ్లాసు అందిస్తూ తన కథ చెప్పుకొచ్చింది. "నా పేరు స్పోజ్మై. నా మొగుడి వాటా నీళ్ళు నావి. వంతు రోజున ఈ పెద్దమనిషి మనుషులొచ్చి నీళ్ళు తమ పొలాలకు మళ్ళించుకున్నారు. నేను పోయి కాలువలో కూచున్నా. 'పారించుకోండి, నా మీంచి పారించుకోండి' అన్నా. అంతే, నోరెత్తినవాడు లేడు. ఈ కథ రాసినవాడెవడో గానీ ఆడదాని మనసు తెలిసినవాడు."

"రాసింది మగవాడు కాదు" అంది మారిట్.

కాలువలో కూర్చున్న మనిషిని ఆమె కళ్ళారా చూసింది. తడిసి ముద్దయిన ఆ మనిషి భుజం మీద శాలువా కప్పింది తనే. అసలు పేరు బయటపడకుండా పుస్తకంలో స్పోజ్మై అని పెట్టిందీ తనే. ఆ మారుపేరుతో సహా తెచ్చి ఈ స్కూలు బస్సు డ్రైవరమ్మకు తగిలించారు.

గుమ్మంలో నీడ పడింది.

"టీ బాగుందా మారిట్?"

టోబియస్ రెన్నిక్. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళందరిలోకీ తెలివైనవాడు. మిన్నెసోటాలో మంచు పడి దారులు మూసుకుపోయిన రోజుల్లో ఆమె వంటింట్లోనే తిని, ఆమె సోఫాలోనే పడుకుని, పష్తో అక్షరం అక్షరం ఆమె దగ్గర నేర్చుకున్నాడు. అతను సైన్యానికి సలహాదారుగా చేరాడని తెలిసిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒంటి మీద సైనికుల దుస్తులే ఉన్నాయి గానీ భుజం మీద హోదా గుర్తులు లేవు, నడుముకు తుపాకీ లేదు.

"నువ్వేనా ఇది కట్టించింది?"

"నేనే. కోపం తరవాత పడండి. ఒక్కసారి చూడండి" అన్నాడు. బతిమాలుతున్నాడో సవాలు చేస్తున్నాడో తెలియని గొంతు.

అంతలో సైరన్ మోగింది. జర్ఘూనా టీ గ్లాసు వదిలేసి శాలువా ముఖం మీదికి లాక్కుంది. బస్సు నడిపే మనిషి మాయమై పైవాడ స్పోజ్మై లేచి నిలబడింది.

ఊళ్ళోంచి ఎవరో సైనికుల బండి మీద కాల్పులు జరిపారు. ఆ కాల్చినవాణ్ణి పట్టుకోవాలి. అదీ ఆనాటి విన్యాసం. కర్నల్, మారిట్ సావిడి కప్పు మీద నిలబడి చూస్తున్నారు. తుపాకులు ఉత్త చప్పుడే చేస్తాయి, తూటాకు బదులు వెలుగు కిరణం వదులుతాయి. ప్రతివాడి ఛాతీ మీదా ఒక పెట్టె కట్టి ఉంది. గురి తగిలితే అది కీచుమంటుంది, వాడు చచ్చినట్టు లెక్క.

దుమ్ము లేపుకుంటూ బండ్లు వచ్చి ఆగాయి. మీసాలైనా సరిగా రాని కెప్టెన్ ఒకడు ముందు దూకాడు. అతని వెనకే టోబియస్. నజీఫ్ ఎదురెళ్ళి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, పైవాడ వైపు వేలు చూపించాడు.

"కాల్చినవాడు ఆ విధవ ఇంట్లో ఉన్నాడు. తలుపు బద్దలు కొట్టండి. ఆవిడ చాలా చెడ్డది. నేను మీ స్నేహితుణ్ణి."

సైనికులు అప్పుడే పైవాడ గుమ్మానికి చేరారు. ఒకడు కాలెత్తాడు. కప్పుల మీద నుంచి ఆడవాళ్ళు కేకలు మొదలుపెట్టారు. మారిట్ పిట్టగోడను గట్టిగా పట్టుకుంది. ఆ తలుపు విరిగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మగదిక్కు లేని ఇంటి తలుపు పరాయివాడు తన్నాడంటే రెండు వాడలూ పగలు మరిచి ఒక్కటవుతాయి. ఆ పైన ఎవరూ ఎవరినీ ఆపలేరు.

టోబియస్ కెప్టెన్ చెవిలో ఏదో అన్నాడు. కర్నల్ చేతిలోని వైర్‌లెస్‌లో ఆ గొంతు వినిపించింది. "ఆయన చెప్పేది కాల్పుల గురించి కాదు సార్. నీళ్ళ తగాదా. మన చేత ఆ విధవను కొట్టించాలని చూస్తున్నాడు. తలుపు ముట్టుకోవద్దు. హెల్మెట్ తీసెయ్యండి, కళ్ళజోడు కూడా. గుమ్మానికి వీపు పెట్టి కింద కూచోండి. ముసలావిడను ఎవరినైనా పిలిపించండి."

కెప్టెన్ ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత హెల్మెట్ తీశాడు. ఎర్రగా కందిన కుర్ర ముఖం బయటపడింది. దుమ్ములో చతికిలబడి, గుమ్మానికి వీపు పెట్టాడు. కప్పుల మీద కేకలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కాసేపటికి తలుపు వారగా తెరుచుకుని, లోపలి నుంచి టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

వద్దనుకున్నా మారిట్‌కు సంతోషం ఆగలేదు. తరగతి గదిలో తాను చెప్పిన పాఠం ఒకటి కళ్ళ ముందు నడిచింది. ఒక తలుపు విరగలేదు, ఒక పెట్టె కీచుమనలేదు.

"చూశారా?" అన్నాడు కర్నల్. "రెన్నిక్ రాకముందు ఈ ఊళ్ళో మావాళ్ళు ప్రతిసారీ ఆ తలుపు తన్నేవాళ్ళు. తన్నిన ప్రతిసారీ సగం మంది చచ్చేవాళ్ళు."

మారిట్ జవాబు చెప్పబోయింది. అంతలో వైర్‌లెస్‌లో కెప్టెన్ గొంతు మళ్ళీ పలికింది. టీ తాగుతూ అడుగుతున్నట్టున్నాడు. "సరే, ఆవిడకు తమ్ముడొకడున్నాడట, కాల్చింది వాడేననుకుందాం. ఇంట్లో లేడు. మరి ఎక్కడ దాస్తుంది?"

కింద టోబియస్ తల వంచుకుని నిలబడ్డాడు. ఒకసారి సావిడి కప్పు వైపు, ఆమె వైపు చూశాడు.

"రెన్నిక్, నిన్నే అడిగేది."

"పిండిమరలో" అన్నాడు టోబియస్. "రెండు వాడలవాళ్ళూ తినే పిండి అక్కడిదే. అందుకని అక్కడ రక్తం చిందించరు. మరలోకి చేరినవాణ్ణి శత్రువు కూడా ముట్టుకోడు."

సైనికులు పల్లంలోకి పరిగెత్తారు. మర చుట్టూ మూగి, తలుపు తన్ని, తమ్ముడి వేషంలో ఉన్న యువకుణ్ణి పిండి బస్తాల వెనక నుంచి ఈడ్చుకొచ్చారు. వాడి ఛాతీ మీది పెట్టె కీచుమంది. జర్ఘూనా ఇంట్లోంచి దూసుకొచ్చి కేక పెట్టింది. ఆ కేక ఆమె పాత్రలో లేదని పక్కనున్న ఆడవాళ్ళ ముఖాలు చూస్తేనే తెలిసింది. అంతకన్నా చిత్రం, ఆమెకు పగవాడైన నజీఫ్ తలపాగా జారిపోతున్నా చూసుకోకుండా వెళ్ళి కెప్టెన్ దారికి అడ్డం నిలబడ్డాడు.

"మరలోకి తుపాకీతో పోతావా? ఎవరన్నా పోతారా?" అని ఇంగ్లీషులోనే గద్దించాడు. "నువ్వు తినవా రొట్టె?"

అతనికి ఆ మాట అనమని ఎవరూ రాసివ్వలేదు. సైరన్ మోగింది. విన్యాసం ముగిసింది. మైకులో కెప్టెన్‌కు మంచి మార్కులు పడ్డాయి.

మారిట్ మెట్లు ఎప్పుడు దిగిందో కర్నల్ గమనించనే లేదు.

ఆమె వెళ్ళేసరికి టోబియస్ మరలో ఒంటరిగా ఉన్నాడు. ఒరిగిన బస్తాలను సరిగా నిలబెడుతున్నాడు. బస్తాల్లో పిండి కాదు, ఇసుక. ఇనప గోడ ఎండకు కాగిపోయి గది పొయ్యిలా ఉంది.

"మార్కులొచ్చాయి. పండగ చేసుకో" అంది మారిట్.

"ముందు తలుపు సంగతి మాట్లాడండి. విరిగిందా?"

"విరగలేదు. అది చూసి నాకు చప్పట్లు కొట్టాలనిపించింది, అబద్ధమెందుకు. ఆ తరవాత అదే నోటితో మర చూపించావు."

"మీ పుస్తకంలో ఉన్నదే చూపించాను. ఆ పుస్తకం కొట్లో అమ్ముతారు మారిట్. కర్నల్ తన డబ్బుతోనే కొనుక్కున్నాడు. ఎలాగూ చదివేవాళ్ళు తప్పుగా చదవకుండా నేను పక్కన కూచుంటే పాపమా?"

"నాకు రొట్టె పెట్టి చెప్పారు వాళ్ళు ఆ సంగతులు. ఇంట్లో పిల్లననుకుని చెప్పారు. పక్కన తుపాకులు పెట్టుకుని అడిగితే చెప్పేవాళ్ళా? 'చెప్పం పో' అనే వీలుందా నువ్వడిగే మనుషులకు?"

"లేదు" అన్నాడు టోబియస్. బస్తా వదిలేసి ఆమె ముందుకొచ్చాడు. "పోయినేడు అఫ్ఘానిస్తాన్‌లో నేనున్న చోట ఒక దిబ్బ ఉంది. దాని మీద పొడుగాటి కర్రలకు గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి. శత్రువులు సైగల కోసం కట్టుకున్నారని మావాళ్ళు ఫిరంగులు తిప్పారు. అవి సమాధులని, చచ్చినవాళ్ళ కోసం కట్టిన గుడ్డలని, బుధవారం పూట ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని అక్కడికొస్తారని ఆ శిబిరంలో ఒక్కడికే తెలుసు. ఎలా తెలుసు? మీరు చెప్పారు, మూడో వారం పాఠంలో. ఆ రోజు బుధవారం మారిట్. నేను అక్కడ లేకపోతే? మీ ఉత్తరం మీద సంతకం పెట్టి, చేతులు కడుక్కుని ఇంట్లో కూచుంటే?"

ఆ దిబ్బ, ఎండలో ఎగిరే పీలికలు, పిల్లల్ని చంకనేసుకుని ఎక్కుతున్న ఆడవాళ్ళు మారిట్ కళ్ళ ముందు కదిలారు. తన ఉత్తరంలో ఆ ఆడవాళ్ళ ప్రస్తావన ఎక్కడా లేదు.

"కూచుంటే వాళ్ళు చచ్చిపోయేవాళ్ళు" అంది చివరకు. "ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు మరలో దాక్కున్నవాడు చచ్చాడు. రేపింకొకడు చస్తాడు. రెండూ నీ నోటి మాటే. ఏది ఎప్పుడు అడగాలో నీ చేతిలో లేదు, ఆ కుర్రాడి చేతిలో ఉంది. ఇంకోటి చెప్పు. అఫ్ఘానిస్తాన్‌లో ఇన్ని ఊళ్ళుంటే నా ఊరే ఎందుకు కట్టారు?"

టోబియస్ మళ్ళీ బస్తాల వైపు తిరిగాడు.

"టోబియస్."

"ఈ పటాలం అక్కడికే వెళుతోంది."

"గోరక్ అనేది పటంలో లేదు. అది నా మారుపేరు. అది ఒబాజాయ్ అని చెప్పింది నువ్వా?"

"నేను కాదు. నదుల పటం పక్కన పెట్టుకుని పుస్తకం చదివారు. వాళ్ళే పోల్చుకున్నారు."

అప్పుడు మారిట్‌కు ఒళ్ళు తెలియలేదు. ముప్పయ్యేళ్ళుగా ఏ పుస్తకంలోనూ ఏ సభలోనూ బయటపెట్టని సంగతి ఒకటి ఆమె దగ్గరుంది. మంచు కురిసే ఒక మధ్యాహ్నం, వంటింట్లో, ఈ కుర్రాడు సొంత కొడుకులా కనిపించి ఒక్కడికే చెప్పింది. అదీ పోయిందన్న ఊహతో ఆమె ఊగిపోయింది.

"అన్నీ అమ్మేశావు. మర కింద నీళ్ళు పోయే బిలం కూడా చెప్పావా? తూము మూసేస్తే ఎండిపోయే బిలం, అందులోంచి పాక్కుంటూ పోతే ఖుబానీ పళ్ళ తోటలో తేలే దారి, నన్ను ప్రాణాలతో బయటపడేసిన దారి... అదీ చెప్పావా వీళ్ళకి?"

టోబియస్ ఆమెను చూడటం లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

"చెప్పలేదు" అన్నాడు మెల్లగా. "మీరు చెప్పారు, ఇప్పుడు."

మారిట్ వెనక్కి తిరిగింది. గుమ్మంలో కర్నల్ ప్రూయిట్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. భోజనానికి పిలవడానికి వచ్చినట్టున్నాడు. ఆయన వెనక జర్ఘూనా టీ పళ్ళెంతో ఆగిపోయింది.

ఇనప కప్పు ఎండకు టకటకమంటోంది.

"నీకు తెలుసా ఇది?" అని కర్నల్ టోబియస్‌ను అడిగాడు.

"తెలుసు సార్."

"ఆ లోయలో మనం వెళ్ళేసరికి మర ఎందుకు ఖాళీగా ఉంటోందని నిన్ను ఎన్నిసార్లు అడిగాను?"

"చాలాసార్లు అడిగారు సార్."

కర్నల్ కేక వెయ్యలేదు. లోపలికొచ్చి ఇసుక బస్తా మీద కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు. "ప్రొఫెసర్ గారూ, మిమ్మల్ని చూసి పొమ్మని పిలిచానన్నాను. అది సగం నిజం. ఆ లోయలో ఇప్పుడు మా పటాలం ఒకటి ఉంది. ఆ మర వైపు నుంచి మా పిల్లల్ని కాలుస్తున్నారు. చుట్టుముట్టి లోపలికెళితే ఎవరూ ఉండరు. అలా నేను పోగొట్టుకున్న పిల్లల తల్లులకు ఉత్తరాలు రాసింది నేనే. పోయిన నెల ఆ మర యజమానిని పట్టుకున్నారు. ముసలాయన. నోరు విప్పడు. తిండి పెడితే తింటాడు, దణ్ణం పెడతాడు, అంతే. ఒక్కటే మాట. 'మారిత్ వస్తే చెబుతా, మారిత్‌ను పిలవండి' అంటాడు. అదేదో ఊరి పేరనుకున్నాం. ఒకరోజు మీ పుస్తకం అట్ట మీద పేరు చూశాను."

మారిట్ గోడకు ఆనుకుంది. గోడ కాలుతున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

"అతని కుడి చెయ్యి..." అంది. "కుడి చేతికి చిటికెన వేలు..."

"లేదు" అన్నాడు కర్నల్.

ఆ వేలు తిరగలి రాయి కింద పడి నలిగిపోయినప్పుడు కట్టు కట్టింది మారిట్. గుల్‌బాజ్. అప్పటి మర యజమానికి తమ్ముడు. 'మా అమ్మ కడుపున పుట్టాల్సిన దానివి, దారి తప్పి ఎక్కడో పుట్టావు' అని ఆటపట్టించేవాడు. కాబూల్‌లో ప్రభుత్వం కూలిన ఏడు, ఊరి మీదికి సిపాయిలు వచ్చిన నాడు, ఆమెను ముందు బిలంలోకి తోసి వెనక తాను పాక్కుంటూ వచ్చినవాడు. తోటలోంచి ఆమెను కొండదారి పట్టించి, అన్న కోసమని వెనక్కి పోయాడు. ఆ తరవాత ఊరు తగలబడిందని విన్నది. చచ్చిపోయాడని ఏడ్చి, ఏళ్ళ తరబడి ఏడ్చి, ఊరుకుంది.

బతికే ఉన్నాడు. ఆ మాట లోపల వెలిగేసరికి మారిట్ నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తెల్లగడ్డం వచ్చి ఉంటుంది. ఇప్పటికీ అలాగే పేరు చివర నాలుక తిప్పలేక 'మారిత్' అంటున్నాడు. ముప్పయ్యేళ్ళ తరవాత తనను గుర్తు పెట్టుకుని పిలుస్తున్నాడు.

ఆ సంతోషం అంచునే రెండో సంగతి వచ్చి తగిలింది.

"ఏమని అడుగుతున్నారు అతన్ని? నెల రోజులుగా నోరు విప్పలేదన్నారు. దేనికి?"

కర్నల్ టోపీ అంచు నిమురుకున్నాడు.

"అతని అన్న కొడుకులు మరలోంచి ఎటు పోతున్నారని" అన్నాడు. "అదొక్కటే అడుగుతున్నాం."

నెల రోజుల పాటు ఖైదులో గుల్‌బాజ్ పళ్ళ బిగువున దాచిన మాటను తాను ఒక్క కోపంలో విసిరేసింది.

"ఇంక అతనితో మీకు పని లేదు కదా" అంది మారిట్.

"నేనిక్కడ విన్న మాటతో పిల్లల్ని పంపలేను. అది ముప్పయ్యేళ్ళ కిందటి దారి. ఇప్పుడూ ఉందో లేదో, ఇంకెన్ని ఉన్నాయో అతనే చెప్పాలి. మీతో చెబుతానంటున్నాడు. మీరొచ్చి మాట్లాడితే అతన్ని ఇంటికి పంపించేస్తాను. నా మాట నమ్మండి. రానంటే బలవంతం లేదు, శుక్రవారం నా విమానం మీరు లేకుండానే వెళుతుంది."

"వద్దు మారిట్" అన్నాడు టోబియస్. అంతవరకూ సైన్యం వైపు వాదించిన మనిషి, ఇప్పుడు కర్నల్‌కూ ఆమెకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. "ఓటింగుకు ముందు మీరు ఆ విమానమెక్కితే సంతకాలు పెట్టినవాళ్ళు మీ మొహం చూస్తారా? మీ పేరుతో ఇంకెవరూ..."

"నేను వస్తాను కర్నల్" అంది మారిట్.

కర్నల్ లేచి నిలబడి, ఏదో మర్యాద మాట కోసం వెతుక్కుంటున్నాడు.

గుమ్మంలోంచి జర్ఘూనా కదిలింది. పళ్ళెం తెచ్చి మారిట్ ముందు పెట్టి, గ్లాసులోకి టీ వంచుతూ, చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగినంత మామూలుగా పష్తోలో అడిగింది.

"వీళ్ళ కోసం పోతున్నావా మారిట్ తల్లీ, అతని కోసం పోతున్నావా?"

"అతనికి చెప్పడానికి" అంది మారిట్, అదే భాషలో, గ్లాసు అందుకుంటూ, నవ్వు ముఖంతో. "బిలం సంగతి బయటపడిపోయింది, అన్న కొడుకుల్ని ఇక ఆ దారిన రానివ్వొద్దని."

జర్ఘూనా ముఖంలో ఏమీ మారలేదు. "చక్కెర ఇంకొంచెం వెయ్యనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

కర్నల్‌కు పష్తో రాదు. ఆడవాళ్ళిద్దరి వంకా చూసి ఆయన కూడా చిరునవ్వు నవ్వాడు. ఆ మరలో ఆ భాష తెలిసిన మనిషి ఇంకొకడు ఉన్నాడు. ఆ సంగతి మారిట్ మరిచిపోలేదు. నేర్పింది తనే. ఆమె గ్లాసు మీంచి తలెత్తి, చూపు తిప్పుకోకుండా టోబియస్ కళ్ళలోకి చూసింది.

"ఏమంటున్నారు రెన్నిక్?" అన్నాడు కర్నల్. "ప్రొఫెసర్ గారు ఏమన్నారు?"

టోబియస్ తన గురువు వంక చూశాడు. ఉత్తరాలు అందుకున్న తల్లుల సంగతి చెప్పిన కర్నల్ వంక చూశాడు. పెదాలు తడుపుకుని, మాట్లాడటానికి నోరు తెరిచాడు.